మోడల్‌లో లెక్కించే ఫీల్డులు: మొత్తం, శాతం, ర్యాంకులను ఎక్కడ లెక్కించాలి?

అంకెలబాట

నమస్కారం. పరీక్షా ఫలితాలను చూపే వెబ్ అప్లికేషన్ ఒకదాన్ని జాంగోలో (పైథాన్ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో తయారుచేస్తున్నాను. విద్యార్థి, మార్కులు, హాజరు అని మూడు మోడళ్లు, అంటే ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క క్లాసు, ఉన్నాయి. మార్కుల పట్టికలో ఒక్కొక్క వరుస ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టులో వచ్చిన రాతపరీక్ష మార్కులను, ప్రయోగపరీక్ష మార్కులను, ఆ సబ్జెక్టు గరిష్ఠ మార్కులను విడివిడి కాలమ్‌లలో ఉంచుతుంది. వీటి ఆధారంగా సబ్జెక్టువారీ మొత్తం, శాతం, అన్ని సబ్జెక్టుల్లో కలిపి విద్యార్థికి వచ్చిన మొత్తం, తరగతిలో ర్యాంకు, పుట్టినతేదీ నుంచి వయస్సు చూపించాలి.

ప్రస్తుతం ఇవన్నీ మోడల్ క్లాసుల్లో ప్రాపర్టీలుగా, అంటే అడిగినప్పుడల్లా లెక్కించి ఇచ్చే గుణాలుగా, ఉన్నాయి. టెంప్లేట్‌లో సరిగానే కనిపిస్తున్నాయి. అయితే మొత్తం మార్కుల ప్రకారం జాబితాను వడపోయాలన్నా, క్రమంలో పెట్టాలన్నా అటువంటి ఫీల్డు లేదని ఎర్రర్ వస్తోంది. అరవై మంది ఉన్న తరగతి జాబితా తెరుచుకోవడానికి కూడా చాలా సమయం పడుతోంది. ఈ విలువలను నిజమైన కాలమ్‌లుగా మార్చి, సేవ్ చేసే ప్రతిసారీ నింపడం మంచిదా, లేక వేరే పద్ధతి ఏదైనా ఉందా?

సోపానం

ప్రాపర్టీ అనేది పైథాన్ వైపు మాత్రమే ఉంటుంది. డేటాబేస్ నుంచి వరుస వచ్చి ఆబ్జెక్టుగా మారిన తరువాతే అది పనిచేస్తుంది కాబట్టి, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) తయారయ్యే సమయానికి దాని సంగతి డేటాబేస్‌కు తెలిసే అవకాశమే లేదు. వడపోతలోను, క్రమంలోను, ఎంచిన కాలమ్‌లను మాత్రమే తెచ్చే వాల్యూస్ మెథడ్‌లోను ప్రాపర్టీ పేరు వాడలేకపోవడానికి కారణం ఇదే.

మీరు అడిగిన విలువలన్నిటినీ ఒకే గాటన కట్టవద్దని నా మనవి. ప్రతి విలువ దగ్గరా ముందుగా చూడవలసింది, అది దేనిమీద ఆధారపడుతోందన్నది. సబ్జెక్టు మొత్తం, శాతం అదే వరుసలోని కాలమ్‌ల నుంచి వస్తాయి. విద్యార్థి మొత్తం వేరే పట్టికలోని వరుసల నుంచి వస్తుంది. ర్యాంకు ఆ విద్యార్థి ప్రమేయమే లేకుండా, పక్కవారి మార్కు మారినా మారిపోతుంది. వయస్సు ఎవరూ ఏ కాలమ్‌నూ ముట్టుకోకపోయినా మారుతుంది. ఈ నాలుగు రకాలకూ నాలుగు వేర్వేరు చోట్లు ఉన్నాయి. అన్నిటినీ ఒకే పద్ధతిలో, అంటే సేవ్ మెథడ్‌లో, నింపబోతే మొదటి రకానికి తప్ప మిగిలినవాటికి అది సరిపోదు.

ఆ తరువాత చూడవలసింది, ఆ విలువతో ఏం చేస్తారన్నది. ఒక్క పేజీలో చూపించి ఊరుకునే విలువకు ప్రాపర్టీ చాలు, దాన్ని తీసెయ్యనవసరం లేదు. వడపోయడానికో, క్రమంలో పెట్టడానికో కావలసిన విలువ మాత్రం డేటాబేస్‌కు తెలిసి తీరాలి.

తీగమల్లె

పేజీ ఆలస్యానికి కారణం దాదాపు ఖాయంగా ఇది అయివుంటుంది: విద్యార్థి మొత్తం అనే ప్రాపర్టీ లోపల మీరు మార్కుల పట్టికపై అగ్రిగేట్ (చాలా వరుసల నుంచి ఒక్క విలువ తీసే మెథడ్) పిలుస్తున్నారు. జాబితాకు ఒక క్వెరీ, ఆ పైన ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్కటి, వెరసి అరవై ఒక్క క్వెరీలు. ర్యాంకు కూడా అలాగే రాసివుంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

సంబంధిత వరుసలను ముందే ఒకేసారి తెచ్చిపెట్టే ప్రీఫెచ్ రిలేటెడ్ పెడితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. దానికొక షరతు ఉంది. ప్రీఫెచ్ చేసిన వరుసలు ఉపయోగపడేది ప్రాపర్టీ లోపల ఆల్ మెథడ్‌తో వాటిని తీసుకుని పైథాన్‌లో కూడినప్పుడు మాత్రమే. అక్కడ ఫిల్టర్ అనో అగ్రిగేట్ అనో పిలిస్తే జాంగో దాన్ని కొత్త క్వెరీగానే చూస్తుంది, తెచ్చిపెట్టుకున్న వరుసలను పట్టించుకోదు. ప్రీఫెచ్ ఖర్చు కూడా అదనంగా మీద పడుతుంది.

మీకు క్రమం, వడపోత కూడా కావాలి కాబట్టి అనోటేట్ వాడండి. విద్యార్థుల క్వెరీసెట్‌కు (జాంగోలో క్వెరీని సూచించే ఆబ్జెక్టు) మార్కుల సమ్‌ను, అంటే కూడికను, ఒక పేరుతో జతచేస్తే ఆ విలువ క్వెరీలోనే లెక్కకట్టి ప్రతి ఆబ్జెక్టుకూ గుణంగా వస్తుంది. ఆ పేరు మీద ఆర్డర్ బై, ఫిల్టర్ రెండూ పనిచేస్తాయి. ఈ అనోటేట్‌ను వ్యూలలో అక్కడక్కడ రాయకుండా కస్టమ్ క్వెరీసెట్ క్లాసులో ఒక మెథడ్‌గా పెట్టి, దాన్ని మోడల్‌కు క్వెరీలు అందించే మేనేజర్‌గా తగిలిస్తే సూత్రం ఒకేచోట ఉంటుంది.

ఒక జాగ్రత్త. అనోటేట్‌కు ఇచ్చే పేరు, క్లాసులో ఇప్పటికే ఉన్న ప్రాపర్టీ పేరు ఒకటి కాకూడదు. జాంగో ఆ విలువను ఆబ్జెక్టుకు అంటించబోతే, సెట్టర్ లేని, అంటే విలువ రాయనివ్వని, ప్రాపర్టీ అడ్డుపడి ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది.

అంకెలబాట

ఇద్దరికీ ధన్యవాదాలు. అనోటేట్‌తో పేజీ వెంటనే తెరుచుకుంటోంది. అయితే అదే జాబితాలో హాజరైన రోజుల సంఖ్య కూడా చూపించాలని, అదే అనోటేట్‌లో హాజరు పట్టికపై కౌంట్‌ను చేర్చాను. అప్పటినుంచి మొత్తాలు నమ్మశక్యం కానంతగా పెరిగిపోయాయి. ఆరు సబ్జెక్టుల్లో కలిపి 412 రావలసిన విద్యార్థికి 8240 చూపిస్తోంది. హాజరు దగ్గర 20 ఉండవలసిన చోట 120 ఉంది. కౌంట్ ఒక్కటీ తీసేస్తే మళ్లీ 412 వస్తోంది.

సోపానం

మీరిచ్చిన అంకెలే కారణం చెబుతున్నాయి. ఆ విద్యార్థికి మార్కుల పట్టికలో 6 వరుసలు, హాజరు పట్టికలో 20 వరుసలు ఉన్నాయి. ఒకే క్వెరీలో రెండు పట్టికలనూ జాయిన్ చేసినప్పుడు, మార్కులకూ హాజరుకూ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు కనుక, ప్రతి మార్కుల వరుసా ప్రతి హాజరు వరుసతోనూ జతకడుతుంది. 6ను 20తో గుణిస్తే 120 వరుసలు. ఒక్కొక్క మార్కూ 20 సార్లు కూడిక లోకి వచ్చింది కాబట్టి 412 కాస్తా 8240 అయింది. ఒక్కొక్క హాజరు 6 సార్లు లెక్కకు వచ్చింది కాబట్టి 20 కాస్తా 120 అయింది. డేటాబేస్ తాను అడిగినదానికి సరైన జవాబే ఇచ్చింది.

కౌంట్‌కు డిస్టింక్ట్ (ఒకేలాంటివాటిని ఒక్కసారే తీసుకోమని) అని చెబితే హాజరు సంఖ్య 20కి దిగివస్తుంది, ఎందుకంటే అది హాజరు వరుసల ప్రైమరీ కీలను (ప్రతి వరుసకూ వేరుగా ఉండే గుర్తింపును) చూసి ఒక్కొక్కదాన్ని ఒక్కసారే లెక్కపెడుతుంది. ఇది చూసి సమ్‌కు కూడా డిస్టింక్ట్ పెట్టాలనిపిస్తుంది. దయచేసి పెట్టవద్దు. సమ్ దగ్గర డిస్టింక్ట్ చూసేది వరుసలను కాదు, విలువలను. ఒక విద్యార్థికి రెండు సబ్జెక్టుల్లో 71 చొప్పున వస్తే అందులో ఒక 71 మాయమవుతుంది. ఇద్దరు ముగ్గురి ఫలితాలు సరిచూసి బాగుందనుకుంటే, ఆ పొరపాటు ఫలితాలు వెలువడేదాకా బయటపడకపోవచ్చు.

సరైన దారి సబ్‌క్వెరీ, అంటే క్వెరీ లోపల మరో క్వెరీ. జాంగో 1.11 నుంచి సబ్‌క్వెరీ, బయటి క్వెరీలోని విలువను సూచించే అవుటర్ రెఫ్ అనే రెండు సాధనాలు ఉన్నాయి. మార్కుల పట్టికను అవుటర్ రెఫ్‌తో ఆ విద్యార్థికి పరిమితం చేసి, విద్యార్థి ఐడీ మీద గ్రూపు చేసి, సమ్ తీసి, ఆ ఒక్క విలువనే బయటి క్వెరీకి అందించాలి. హాజరుకూ ఇలాగే మరొకటి. అప్పుడు ఏ జాయిన్ మరొకదాన్ని ఉబ్బించదు.

ఇక్కడే ఇంకొక విషయం. ఒక్క మార్కుల వరుస కూడా లేని విద్యార్థికి సమ్ సున్నా ఇవ్వదు, నల్ (విలువ లేదనే గుర్తు) ఇస్తుంది. అందరూ అలవాటుగా కోఅలెస్ తగిలించి దాన్ని సున్నా చేసేస్తారు. మీ విషయంలో అది సబబు కాదని నా అభిప్రాయం. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థీ, ఇంకా మార్కులు నమోదు కాని విద్యార్థీ ఒకటి కారు. నల్‌ను నల్‌గానే ఉంచి, పేజీలో దాన్ని ఎలా చూపాలో టెంప్లేట్‌కు వదిలేయండి. అయితే పోస్ట్‌గ్రెస్ అవరోహణ క్రమంలో నల్‌లను అన్నిటికన్నా ముందు పెడుతుంది కాబట్టి, క్రమం ఇచ్చేటప్పుడు నల్స్ లాస్ట్ అని స్పష్టంగా చెప్పాలి.

పచ్చికబయలు

సబ్జెక్టు మొత్తం, శాతం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఒకే వరుసలోని కాలమ్‌ల నుంచి వచ్చే విలువను డేటాబేస్ చేతనే లెక్కింపజేసే సౌకర్యం చాలాకాలంగా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 2019లో వచ్చిన 12 నుంచి, ఎస్‌క్యూలైట్‌లో 2020లో వచ్చిన 3.31 నుంచి జనరేటెడ్ కాలమ్‌లు ఉన్నాయి. జాంగో 2023 డిసెంబరులో వచ్చిన 5.0లో జనరేటెడ్ ఫీల్డ్ పేరుతో వీటిని మోడల్‌లోకి తెచ్చింది. మార్కును అడ్మిన్ పేజీ నుంచి మార్చినా, అప్‌డేట్ మెథడ్‌తో ఒకేసారి వందల వరుసలు మార్చినా, ఎవరైనా నేరుగా ఎస్‌క్యూఎల్ రాసినా మొత్తం దానంతటదే సరిపడుతుంది. సేవ్ మెథడ్‌లో లెక్కించే పద్ధతికి ఈ హామీ లేదు, ఎందుకంటే క్వెరీసెట్ అప్‌డేట్, ఒకేసారి చాలా వరుసలు చేర్చే బల్క్ క్రియేట్ రెండూ సేవ్‌ను పిలవవు, సేవ్ జరిగిందని తెలిపే సిగ్నల్స్‌నూ పంపవు.

అయితే సూత్రం రాసేటప్పుడు కొన్నిటిని చూసుకోవాలి. మీ కాలమ్‌లు పూర్ణాంకాలైతే, పోస్ట్‌గ్రెస్ పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగించి దశాంశాన్ని వదిలేస్తుంది. 80కి 71 వచ్చినవారికి 88.75 శాతం రావాలి, మీకు 88 వస్తుంది. ఫీల్డు రకాన్ని డెసిమల్ అని ప్రకటించినంత మాత్రాన ఇది మారదు. భాగహారానికి ముందే ఒక సంఖ్యను కాస్ట్‌తో డెసిమల్‌గా మార్చాలి. గరిష్ఠ మార్కులు పొరపాటున సున్నాగా నమోదైతే భాగహారం విఫలమై ఆ వరుస చేరనే చేరదు కనుక హారాన్ని సున్నాను నల్‌గా మార్చే నల్ ఇఫ్‌తో చుట్టండి. ఒక జనరేటెడ్ కాలమ్ మరొక జనరేటెడ్ కాలమ్‌ను ప్రస్తావించడాన్ని పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అందువల్ల శాతం సూత్రంలో మొత్తం కాలమ్‌ను వాడలేరు, రాత, ప్రయోగ మార్కుల కూడికను మళ్లీ రాయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రౌండింగ్. పైథాన్‌లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళుతుంది, కాబట్టి 34.5 అక్కడ 34 అవుతుంది. పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ రకంలో అదే 34.5 రౌండ్ చేస్తే 35 అవుతుంది. ఉత్తీర్ణతకు 35 కావాలనుకోండి. ప్రాపర్టీ చూపే పేజీలో విద్యార్థి తప్పుతాడు, క్వెరీతో తీసిన జాబితాలో గట్టెక్కుతాడు. ఒకే సూత్రాన్ని పైథాన్‌లో ఒకసారి, ఎస్‌క్యూఎల్‌లో ఒకసారి రాయవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. తప్పనిసరిగా పైథాన్‌లోనూ కావలసివస్తే డెసిమల్ మాడ్యూల్‌లోని క్వాంటైజ్‌ను, సగాన్ని పైకి తీసుకెళ్లే రౌండ్ హాఫ్ అప్ పద్ధతితో వాడండి. రుణసంఖ్యలు రాని మార్కులకు అది డేటాబేస్‌తో ఏకీభవిస్తుంది.

తీగమల్లె

పై సమాధానానికి చిన్న చేర్పు. జాంగో 5.0లో, ఉన్న వరుసలో మార్కు మార్చి సేవ్ చేశాక చేతిలో ఉన్న ఆబ్జెక్టులో మొత్తం పాతదే ఉంటుంది. లెక్క జరిగింది డేటాబేస్‌లో కాబట్టి వరుసను మళ్లీ చదివే రిఫ్రెష్ ఫ్రమ్ డీబీ పిలిచాకే కొత్తది కనిపిస్తుంది. టెస్టులు రాసేటప్పుడు దీనివల్ల చాలామంది తికమకపడతారు.

అంకెలబాట

సబ్‌క్వెరీలతో మొత్తాలు, హాజరు సరిగ్గా వచ్చాయి. ఇప్పుడు ర్యాంకు దగ్గర ఆగిపోయాను. వరుసల గుంపు మీద లెక్కకట్టే విండో ఫంక్షన్‌ను ర్యాంక్‌తో వాడి తరగతి వారీగా విభజించి, మొత్తం అవరోహణ క్రమంలో పెట్టాను. తరగతి జాబితాలో ర్యాంకులు సక్రమంగా ఉన్నాయి. కానీ అదే క్వెరీసెట్‌ను ఐడీతో వడపోసి ఒక విద్యార్థి వివరాల పేజీ చూపిస్తే, ఎవరి పేజీ తెరిచినా ర్యాంకు 1 అని వస్తోంది.

సోపానం

విండో ఫంక్షన్ పనిచేసేది వరుసలను వడపోసే వేర్ నిబంధన ముగిసిన తరువాత. మీరు ఐడీతో వడపోయగానే డేటాబేస్ దగ్గర మిగిలేది ఒక్క వరుస. ఆ ఒక్క వరుసలో మొదటి ర్యాంకు ఆ విద్యార్థిదే కదా. అనోటేట్ ముందు రాసి ఫిల్టర్ తరువాత రాసినా తేడా ఉండదు. చైన్‌లో మెథడ్ల వరుస ఎలా ఉన్నా, విండోను ప్రస్తావించని షరతును జాంగో లోపలి వేర్‌లోనే పెడుతుంది.

జాంగో 4.2 నుంచి విండో విలువ మీదనే వడపోయడం సాధ్యమైంది. ర్యాంకు పది లోపు ఉన్నవారిని ఇమ్మంటే అది లోపల ఒక సబ్‌క్వెరీగా చుట్టి సరైన జవాబే ఇస్తుంది. దాన్ని చూసి ఐడీ వడపోత కూడా అలాగే పనిచేస్తుందని అనుకోవడం సహజమే, కాని పనిచేయదు.

ఒక్క విద్యార్థి పేజీకి ర్యాంకును వేరే రకంగా అడగండి. అదే తరగతిలో ఈ విద్యార్థి కంటే ఎక్కువ మొత్తం ఉన్నవారు ఎందరో లెక్కపెట్టి ఒకటి కలిపితే అదే ర్యాంకు. ఇది రెండు చిన్న క్వెరీలతో అయిపోతుంది, సమాన మార్కులున్నవారికి ర్యాంక్ ఫంక్షన్ ఇచ్చే విలువే ఇస్తుంది.

సమాన మార్కుల సంగతి వచ్చింది కాబట్టి ఒక నిర్ణయం మీరు ముందే తీసుకోవాలి. ఇద్దరు రెండో స్థానంలో ఉంటే ర్యాంక్ ఫంక్షన్ తరువాతివారికి 4 ఇస్తుంది, డెన్స్ ర్యాంక్ 3 ఇస్తుంది. రో నంబర్ మాత్రం ఆ ఇద్దరిలో ఒకరిని 2 గానూ మరొకరిని 3 గానూ చూపుతుంది, ఎవరు ముందో క్రమంలో చెప్పకపోతే ప్రతిసారీ అదే జవాబు వస్తుందన్న నమ్మకమూ లేదు. పిల్లల ర్యాంకులకు రో నంబర్ వాడడం అన్యాయం. మిగిలిన రెండింటిలో ఏది కావాలో ఫలితాలు ప్రకటించే సంస్థ నియమం చూసి ఎంచుకోండి. డెన్స్ ర్యాంక్ అయితే నేను చెప్పిన లెక్కలో విద్యార్థులను కాక, ఎక్కువగా ఉన్న వేర్వేరు మొత్తాలను లెక్కపెట్టాలి.

వెన్నెలవాకిలి

చర్చ చదువుతూ వచ్చాను. అందరూ ఎలా లెక్కించాలన్నదే మాట్లాడుతున్నారు. ఎప్పుడు లెక్కించడం ఆపాలన్నది కూడా ఇక్కడ అంతే ముఖ్యం. ఫలితాలు ప్రకటించిన తరువాత మొత్తం, శాతం, ర్యాంకు ఇక లెక్కించవలసిన విలువలు కావు, ప్రకటించిన విలువలు. మూడు నెలల తరువాత పునర్మూల్యాంకనంలో ఒక విద్యార్థి మార్కు పెరిగితే, లెక్కించే ఫీల్డు తరగతిలో మరికొందరి ర్యాంకులను చడీచప్పుడు లేకుండా మార్చేస్తుంది. వారి చేతిలో ఉన్న మార్కుల పత్రంలో ఒకటి, వెబ్ పేజీలో మరొకటి కనిపిస్తుంది. ప్రకటించే క్షణంలో ఆ విలువలను ప్రకటన తేదీతో సహా వేరే పట్టికలోకి నకలు చేసి, ఆ తరువాత పేజీలు అక్కడినుంచే చదవాలి. సవరణ జరిగితే పాత వరుసను దిద్దకుండా కొత్త వరుస చేర్చాలి. ఇది నకిలీ డేటా కాదు, జరిగిన సంఘటనకు రికార్డు.

ప్రకటనకు ముందు దశలో, లెక్క బరువెక్కువై పేజీ మోయలేకపోతే మెటీరియలైజ్డ్ వ్యూ (క్వెరీ ఫలితాన్ని నిల్వచేసి ఉంచేది) ఒక మంచి మధ్యేమార్గం. పోస్ట్‌గ్రెస్‌లో 9.3 నుంచి ఉంది. 9.4 నుంచి చదివేవారిని ఆపకుండా కాంకరెంట్‌గా రిఫ్రెష్ చేయవచ్చు, దానికి ఆ వ్యూ మీద యూనిక్ ఇండెక్స్ (విలువలు పునరావృతం కాని, త్వరగా వెతకడానికి వాడే సూచిక) ఉండాలి. మీ పరిమాణానికి ఇప్పుడే అది అవసరమని నాకు అనిపించడం లేదు.

నేను ఎక్కువగా లారావెల్‌లో (పీహెచ్‌పీ భాషలోని వెబ్ ఫ్రేమ్‌వర్క్) పనిచేస్తాను. అక్కడ ఆక్సెసర్ మీ ప్రాపర్టీ లాంటిది, విత్ సమ్, విత్ కౌంట్ మీ అనోటేట్ లాంటివి. అవి మొదటినుంచీ సబ్‌క్వెరీలుగానే తయారవుతాయి కాబట్టి పైన చెప్పిన 8240 సమస్య అక్కడ రాదు. ఆక్సెసర్ లోపల క్వెరీ రాస్తే వచ్చే ఆలస్యం మాత్రం అదే.

పచ్చికబయలు

వయస్సు మిగిలిపోయింది. దాన్ని జనరేటెడ్ కాలమ్‌గా పెట్టబోతే పోస్ట్‌గ్రెస్ తిరస్కరిస్తుంది, ఎందుకంటే ఈరోజు తేదీ మీద ఆధారపడే సూత్రం ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వదు. చూపించడానికి ప్రాపర్టీ ఉంచండి. వడపోయడానికి వయస్సును లెక్కించనే వద్దు, షరతునే తేదీగా మార్చండి. పదిహేనేళ్లు నిండినవారు కావాలంటే ఈ తేదీకి పదిహేనేళ్ల వెనక్కి వెళ్లి, పుట్టినతేదీ ఆ రోజు గానీ అంతకుముందు గానీ ఉన్నవారిని అడగండి. పుట్టినతేదీ కాలమ్ మీది ఇండెక్స్ కూడా అప్పుడు ఉపయోగపడుతుంది.

అంకెలబాట

చాలా స్పష్టంగా ఉంది. ప్రకటించిన ఫలితాలకు వేరే పట్టిక ఉండాలన్న ఆలోచన నాకు రాలేదు, దాన్ని మొదట చేరుస్తాను. చివరిగా ఒక సందేహం. మార్కుల పట్టికలో పాత సంవత్సరాలవి కలిపి చాలా లక్షల వరుసలున్నాయి, అప్లికేషన్ నడుస్తూ ఉంటుంది. మొత్తం అనే జనరేటెడ్ ఫీల్డు చేర్చే మైగ్రేషన్‌ను (పట్టిక నిర్మాణాన్ని మార్చే ఫైలును) నేరుగా నడపవచ్చా?

పచ్చికబయలు

నేరుగా నడపవద్దు. విలువను నిల్వచేసే స్టోర్డ్ రకపు జనరేటెడ్ కాలమ్‌ను చేర్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ పట్టిక మొత్తాన్ని తిరగరాస్తుంది. అది ముగిసేవరకు ఆ పట్టిక మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ ఉంటుంది, అంటే మార్కులు రాయడమే కాదు, చదవడం కూడా ఆగిపోతుంది. లక్షల వరుసలకు అది ఎంతసేపు పడుతుందో డేటాబేస్ నకలు మీద ఒకసారి నడిపి కొలుచుకుని, ఎవరూ వాడని వేళలో చేయండి. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18లో వర్చువల్ రకం కూడా వచ్చింది. అది విలువను నిల్వచేయదు, చదివేటప్పుడు లెక్కిస్తుంది కనుక పట్టికను తిరగరాయనవసరం లేదు. కాని దాని మీద ఇండెక్స్ పెట్టడం ఆ వెర్షన్‌లో కుదరదు.

పట్టికను ఆపే వీలే లేకపోతే, కాలమ్ చేర్చకుండా రాత, ప్రయోగ మార్కుల కూడిక మీదనే ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ పెట్టండి. జాంగో 3.2 నుంచి మోడల్ మెటాలో (మోడల్ అమరికలు రాసే చోటు) దీన్ని రాయవచ్చు. మైగ్రేషన్‌లో యాడ్ ఇండెక్స్ కాంకరెంట్లీ అనే ఆపరేషన్ వాడి, ఆ మైగ్రేషన్ క్లాసులో అటామిక్‌ను ఫాల్స్ చేస్తే, అంటే అంతటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా నడపవద్దంటే, ఇండెక్స్ తయారవుతున్నంతసేపూ మార్కుల నమోదు కొనసాగుతుంది. మొత్తాన్ని అనోటేట్‌తో తెచ్చుకోండి. ఇండెక్స్‌లో ఉన్న సూత్రం, క్వెరీలో ఉన్న సూత్రం ఒకటే అయినప్పుడే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే డేటాబేస్ భాగం) దాన్ని వాడుకుంటుంది. ఒకచోట కోఅలెస్ పెట్టి మరొకచోట మానేస్తే ఇండెక్స్ ఉండీ ప్రయోజనం ఉండదు. ఆ సూత్రాన్ని క్వెరీసెట్ మెథడ్‌లో ఒకేచోట ఉంచి, క్వెరీ ఎలా నడుస్తుందో చూపే క్వెరీసెట్ ఎక్స్‌ప్లెయిన్ పిలిచి ఇండెక్స్ పేరు అందులో కనిపిస్తోందో లేదో చూసుకోండి. టెస్ట్ డేటాబేస్‌లో పదిపన్నెండు వరుసలే ఉంటే ప్లానర్ ఇండెక్స్‌ను ఎలాగూ ముట్టుకోదు కాబట్టి, ఆ పరిశీలన అసలు పరిమాణం ఉన్న నకలు మీద జరగాలి.